ఒకే ఖాళీ తూకం, రెండు కంటైనర్లు: 100 టన్నుల అల్యూమినియం స్క్రాప్ క్లెయిమ్ కథ

సరుకు మొత్తం విలువ 2,29,678 డాలర్లు. అందులో కొన్న ప్లాంటు ఓనర్ గారు అమ్మినవాళ్ల నుంచి వెనక్కి రాబట్టాలనుకున్నది దాదాపు 25,000. చివరికి వచ్చింది 7,237. వినగానే ఓడిపోయిన కేసులా అనిపిస్తుంది. కానీ స్క్రాప్ దిగుమతి పనిలో నేను నడిపిన క్లెయిముల్లో సరిగ్గా చేశానని గట్టిగా చెప్పగలిగినవి కొన్నే, వాటిలో ఇదొకటి. పార్టీల పేర్లు రాయడం లేదు. ఈ వ్యాపారంలోకి కొత్తగా వస్తున్నవాళ్లు నన్ను పదే పదే అడిగే ప్రశ్నలన్నీ ఈ ఒక్క కేసులోనే ఉన్నాయి కాబట్టి వివరంగా రాస్తున్నాను.

కొన్నది ఏమిటి

ప్లాంటు తిరుపతి జిల్లాలో, తడ దగ్గర. స్క్రాప్ కరిగించి ఏడీసీ12 అనే అల్యూమినియం మిశ్రలోహపు ఇంగాట్లు, అంటే దిమ్మెలు పోస్తారు. అవి చెన్నై చుట్టుపక్కల కార్ల విడిభాగాలు చేసే డైకాస్టింగ్ యూనిట్లకు వెళ్తాయి. చెన్నై పోర్టూ దగ్గరే, కొనేవాళ్లూ దగ్గరే. అమ్మినవాళ్లది షార్జాలో ఒక యార్డు. వాళ్లకు చెన్నైలో ఒక ఏజెంట్ ఉన్నాడు.

కొన్న సరుకు పేరు టెన్స్. పాత ఇంజిన్ బ్లాకులు, సిలిండర్ హెడ్లు, గేర్‌బాక్స్ కేసులు, అంటే పోత పోసిన అల్యూమినియం ముక్కల కలగలుపు. ఇలాంటి పేర్లన్నీ అమెరికా స్క్రాప్ సంఘం ఇస్రీ పెట్టినవి. ఆ సంఘం 2024లో పేరు మార్చుకుని రీమా అయింది గానీ, మార్కెట్లో ఇప్పటికీ అందరూ ఇస్రీ అనే అంటారు. ఫోన్లో "టెన్స్ ఉందా, జోర్బా ఉందా, టేబర్ ఉందా" అంటే ప్రపంచంలో ఏ యార్డులోనైనా అర్థమవుతుంది. ఇస్రీ నిర్వచనం ప్రకారం టెన్స్‌లో ఇనుము, ఇత్తడి, మట్టి ఉండకూడదు. నూనె, గ్రీజు కలిపి 2 శాతం దాటకూడదు. కానీ ఇంజిన్ బ్లాకు అన్నాక సిలిండర్ లోపల ఇనుప లైనర్, అంటే తొడుగు ఉంటుంది, బోల్టులు ఉంటాయి. పూర్తిగా ఇనుము లేని టెన్స్ కంటైనర్ నేనెప్పుడూ చూడలేదు. అందుకే ఒప్పందంలో అంకె వేసుకోవాలి. ముక్కలకు అంటుకున్న ఇనుము, మట్టి, రబ్బరు అన్నీ కలిపి 3 శాతం వరకు ఉండొచ్చని మేం ఒప్పుకున్నాం.

కాలం 2022 ఏప్రిల్ ఆఖరు. ఆ మార్చిలో లండన్ మెటల్ ఎక్స్ఛేంజిలో అల్యూమినియం టన్ను 4,000 డాలర్లు దాటి రికార్డు పెట్టింది. ఏప్రిల్ చివరికి 3,000 దగ్గరికి దిగింది. ఇక ఇంతకంటే పడదని ఓనర్ గారి నమ్మకం. చెన్నై చేర్చి టన్ను 2,300 డాలర్లు, స్థిర ధర, 100 టన్నులు, అయిదు శాతం అటూ ఇటూ. ధర లండన్ రేటుతో పాటు మారదు. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత కావాలి.

చెల్లింపు 20 శాతం అడ్వాన్సు, మిగతా 80 శాతం బ్యాంకు ద్వారా కాగితాలు వచ్చినప్పుడు. పది శాతమైనా తూకం తేలాక ఇద్దామని నేను అడిగాను. యార్డు ఒప్పుకోలేదు, కొత్త పార్టీతో అంతే అన్నారు. దానికి బదులు ఒక క్లాజు పెట్టించుకోగలిగాను. మా ఫ్యాక్టరీ కాటాలో తూకమే ఫైనల్. తేడా అర శాతం దాటితే మొత్తం తేడాకూ డబ్బు ఇవ్వాలి. సరుకు ఫ్యాక్టరీకి చేరిన 10 రోజుల్లో, అమ్మినవాళ్ల మనిషి ఎదుట తనిఖీ జరగాలి. ఆ నాలుగు లైన్లే లేకపోతే ఈ కేసు రాయడానికి ఏమీ ఉండేది కాదు.

తనిఖీ సర్టిఫికెట్ గురించి ఒక అపోహ

ఓనర్ గారు నాతో అన్న మొదటి మాట, "అక్కడ ఇన్‌స్పెక్షన్ చేశారు కదయ్యా, సర్టిఫికెట్ ఉంది కదా, ఇంకా భయమేంది?" చాలామంది ఇలాగే అనుకుంటారు.

షిప్‌మెంటుకు ముందు తీసుకునే ఆ సర్టిఫికెట్ సరుకు నాణ్యత గురించి కాదు. 2004లో ఘజియాబాద్ దగ్గర ఒక స్టీలు ప్లాంటులో దిగుమతి స్క్రాప్‌లో వచ్చిన గుండ్లు పేలి 10 మంది కార్మికులు చనిపోయారు. ఆ తర్వాత నిబంధనలు గట్టిపడ్డాయి. 2010లో ఢిల్లీ మాయాపురిలో ఒక యూనివర్సిటీ ల్యాబు పరికరం తుక్కు దుకాణానికి చేరి, అందులోని కోబాల్ట్-60 వల్ల ఒకాయన చనిపోయాడు. అది విదేశీ స్క్రాప్ కాకపోయినా, రేడియేషన్ మీద అందరి కళ్లూ తెరిపించింది. ముక్కలు చేయని స్క్రాప్‌కు ఇన్‌స్పెక్టర్ ఇచ్చే సర్టిఫికెట్ ప్రధానంగా చెప్పేది ఇది: ఇందులో ఆయుధాలు, గుండ్లు, మైన్లు, రేడియేషన్ ఉన్న వస్తువులు లేవు. మనుషుల ప్రాణాలకు సంబంధించిన కాగితం అది, దాన్ని నేనెప్పుడూ తేలిగ్గా తీసుకోను. కానీ మీ టెన్స్‌లో ఇనుము ఎంతుందో అది చెప్పదు.

బ్యాంకూ చెప్పదు. ఎల్‌సీ, అంటే కాగితాలు చూపిస్తే డబ్బు ఇస్తానని బ్యాంకు ఇచ్చే హామీ పత్రం, పెట్టుంటే బాగుండేదని తర్వాత ఓనర్ గారు బాధపడ్డారు. ఎల్‌సీలను నడిపించే యూసీపీ 600 నియమాల్లో అయిదో ఆర్టికల్ స్పష్టంగానే ఉంది, బ్యాంకులు చూసేది కాగితాలను, సరుకును కాదు. కాగితాలు సరిగ్గా ఉంటే ఎల్‌సీలో కూడా డబ్బు వెళ్లిపోయేదే.

మేం చూసీ వదిలేసిన ఫొటో

మేలో లోడింగ్ అయ్యాక ఫొటోలు వచ్చాయి. ప్రతి కంటైనర్‌కూ అయిదు ఫొటోలు పంపాలని మాట. ఖాళీగా, పావు నిండాక, సగం నిండాక, పూర్తిగా నిండాక, చివరగా తలుపు మూసి సీలు వేశాక. సీలు నంబరు చదవగలిగేలా ఉండాలి. మొదటి రెండు కంటైనర్లకూ అయిదేసి వచ్చాయి. మూడు, నాలుగు కంటైనర్లకు ఖాళీ ఫొటో, నిండిన ఫొటో, సీలు. మధ్యలోవి లేవు.

నేను అడిగాను. "లోడింగ్ త్వరగా అయిపోయింది, తీయలేదు" అన్నారు. ఓడ కటాఫ్, అంటే కంటైనర్ అప్పగించాల్సిన గడువు, దాటిపోతుందని అందరూ టెన్షన్‌లో ఉన్నారు. నేను ఇంకోసారి అడగలేదు. 80 శాతం డబ్బు ఇంకా మా చేతిలోనే ఉంది, గట్టిగా అడగాల్సిన సమయం అదే. ఆ తప్పు నాది.

సీలు నంబరు సరిపోతే చాలదా అని అడుగుతారు. 2020లో స్విట్జర్లాండ్‌కు చెందిన మెర్క్యూరియా అనే పెద్ద ట్రేడింగ్ కంపెనీ టర్కీ నుంచి చైనాకు బ్లిస్టర్ కాపర్, అంటే పూర్తిగా శుద్ధి కాని రాగి కొన్నది. దాదాపు 3.6 కోట్ల డాలర్ల సరుకు. చైనాలో కంటైనర్లు తెరిస్తే రాగి రంగు పూసిన రాళ్లు. తనిఖీ సమయంలో నిజమైన రాగి ఎక్కించి, తర్వాత సీళ్లు తీసి సరుకు మార్చేశారని బయటపడింది. అంత పెద్ద కంపెనీకే అలా జరిగింది. సీలు అనేది తలుపు సంగతి చెబుతుంది, లోపల సగంలో ఏముందో చెప్పదు. మా కేసులో మోసం ఆ స్థాయిది కాదు, అసలు మోసం అనాలో వద్దో కూడా చివరిదాకా తేలలేదు. కానీ సగం నిండిన ఫొటో ఎందుకు కావాలో ఆ కథ కంటే బాగా చెప్పేది లేదు.

మూడో కంటైనర్

జూన్ మూడో వారంలో సరుకు చెన్నైలో క్లియర్ అయి ప్లాంటుకు చేరింది. మొదటి రెండు కంటైనర్లు శుభ్రంగా ఉన్నాయి. మూడోది తెరిచాం. తలుపు దగ్గర అంతా మెరిసే గేర్‌బాక్స్ కేసులు, ఎక్కడ పెట్టి చూసినా అయస్కాంతం అంటుకోదు. ఎనిమిది అడుగులు లోపలికి వెళ్లేసరికి రంగు మారింది. నల్లటి ఇంజిన్ బ్లాకులు, పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు అలాగే ఉన్నాయి. గేర్‌బాక్సుల్లో షాఫ్టులు తీయలేదు.

ప్లాంటులో ఏరే పనిలో ఉన్న ఒకామె, పదేళ్ల అనుభవం ఉన్న మనిషి, ఒక బ్లాకును సిమెంటు నేల మీద ఒకసారి దొర్లించి "ఇది మోగట్లేదు సార్" అంది. ఇనుము లేని అల్యూమినియం నేలకు తగిలితే గణగణమంటుంది. ఇది ధబ్‌మంది. ఆమె సిలిండర్ రంధ్రంలోకి తాడుకు కట్టిన అయస్కాంతాన్ని వదిలింది, టక్‌మని పట్టుకుంది. బయట నాలుగు వైపులా పెట్టి చూస్తే ఎక్కడా అంటలేదు. బయట చూసి కొన్నవాడికి అది మంచి ముక్కే. అడుగున మట్టి గట్టిగా పేరుకుని ఉంది, పార పెట్టి గీకాల్సి వచ్చింది.

ఇక్కడ తీసుకున్న నిర్ణయం ముఖ్యం. క్లెయిమ్ ఉన్నప్పుడు కంటైనర్ అలాగే ఆపేయాలని కొందరు సలహా ఇస్తారు. కంటైనర్ ఖాళీ చేసి తిరిగివ్వనందుకు షిప్పింగ్ కంపెనీ వేసే డిటెన్షన్ చార్జీ రోజు రోజుకీ పెరుగుతుంది, నాలుగు రోజులకే క్లెయిమ్ డబ్బు తినేస్తుంది. మేం వీడియో తీస్తూ దించాం. మూడు, నాలుగు కంటైనర్ల సరుకును విడిగా ఒక బేలో పోసి, తాడు కట్టి, ఫర్నేస్ వైపు ఒక్క ముక్క కూడా వెళ్లకుండా చూశాం. కరిగించిన సరుకు మీద క్లెయిమ్ ఎవరూ ఇవ్వరు.

తూకం ఎక్కడ తప్పింది

నాలుగు కంటైనర్ల ఇన్‌వాయిస్ తూకం 99.860 టన్నులు. మా కాటాలో 98.670. లోటు 1.190 టన్నులు, అంటే 1.19 శాతం. ఒక్కో కంటైనర్ విడిగా చూస్తే మొదటిదాంట్లో 50 కిలోలు, రెండోదాంట్లో 60 కిలోలు తక్కువ. అది మామూలే. మూడోదాంట్లో 500, నాలుగోదాంట్లో 580. దారిలో చెన్నైలో వేసిన తూకం కూడా మా కాటాతో సరిపోయింది కాబట్టి మా కాటా తప్పనే వాదన నిలవదు.

ఓనర్ గారు వెంటనే దొంగతనం అన్నారు. నాకెందుకో కాటా చీటీలు చూడాలనిపించింది. షార్జా చీటీల్లో మూడో కంటైనర్: నిండు తూకం 43,520, ఖాళీ తూకం 18,640, నికరం 24,880. నాలుగోది: నిండు 43,580, ఖాళీ 18,640, నికరం 24,940. రెంటిలోనూ ఖాళీ తూకం ఒకటే. లారీ నంబరూ ఒకటే. అంతవరకు బాగానే ఉంది. కానీ ఖాళీ తూకంలో ఖాళీ కంటైనర్ కూడా కలిసి ఉంటుంది. తలుపు మీద రాసిన సొంత బరువు మూడోదానికి 3,820 కిలోలు, నాలుగోదానికి 3,900. ఒకే లారీ మీద 80 కిలోల తేడా ఉన్న రెండు కంటైనర్లు పెడితే ఖాళీ తూకం కిలో తేడా లేకుండా ఒకటే ఎలా వస్తుంది? రాదు. నాలుగోదాన్ని ఖాళీగా తూచనేలేదు. చీటీ మీద ఖాళీ తూకం టైం రెంటికీ ఉదయం 07:12. నాలుగోదాని లోడింగ్ ఫొటోలో నీడలు మధ్యాహ్నానివి.

మరి మిగతా 500 కిలోలు? యార్డు సూపర్‌వైజర్‌ను ఏజెంట్ చేతే ఫోన్లో అడిగించాం. ఉదయం ఖాళీ తూకం అయ్యాక లారీకి ఫుల్ ట్యాంకు డీజిల్ పట్టారు, 500 లీటర్ల దాకా. డీజిల్ లీటరు 0.84 కిలో చొప్పున వేసుకుంటే 420 కిలోలు. అది తీసేస్తే మూడోదాంట్లో మిగిలే లోటు 80 కిలోలు. నాలుగోదాంట్లో డీజిల్‌తో పాటు కంటైనర్ తేడా 80 కూడా తీసేస్తే, అక్కడా 80 కిలోలే. మొదటి రెంటిలో కనిపించిన మామూలు తేడాకు దగ్గరే. డీజిల్‌ను టన్ను 2,300 డాలర్ల లెక్కన కొన్నాం మేం.

ఇది కావాలని చేశారా? నా అంచనా, కాదు. ఓడ కటాఫ్ హడావిడిలో రెండోసారి కాటా ఎక్కించే ఓపిక లేక పాత అంకె వాడేశారు. 2016 జూలై నుంచి ప్రతి కంటైనర్ మొత్తం బరువును ఓడ ఎక్కించే ముందు ప్రకటించాలనే అంతర్జాతీయ నియమం ఉంది. అక్కడా ఇదే అంకె ఎక్కింది. తప్పు తూకం ఒకసారి చీటీలోకి వెళ్తే ప్రతి కాగితంలోకీ వెళ్తుంది. ఎన్ని కాగితాలు సరిపోయినా అన్నీ ఆ ఒక్క చీటీ నకళ్లే.

నాకు తెలియకుండా వెళ్లిన మెయిల్

ఇక్కడ కేసు చేజారబోయింది. జూన్ మూడో వారానికి లండన్ అల్యూమినియం 2,500 చుట్టూ ఆడుతోంది. అదే టెన్స్ అప్పుడు చెన్నైకి 1,950కి దొరుకుతోంది. అంటే మార్కెట్ వల్ల మాకు టన్నుకు 350 చొప్పున దాదాపు 35,000 డాలర్ల నష్టం. ఆ బాధ నాకు తెలుసు. బ్యాంకు వడ్డీ కట్టే మనిషికి రాత్రి నిద్ర పట్టదు.

ఆ బాధలోనే ఓనర్ గారు సప్లయర్‌కు మెయిల్ పెట్టారు. సరుకు చెత్త, మొత్తం లోడు మీద టన్నుకు 250 డాలర్లు తగ్గించండి అని. నాలుగు కంటైనర్లలో రెండు మంచివని రాయలేదు. తూకం సంగతి రాయలేదు. ఒక్క ఫొటో జత చేయలేదు.

జవాబుగా లండన్ అల్యూమినియం ధర గ్రాఫ్ ఒక్కటే వచ్చింది. కింద ఒక్క ముక్క రాయలేదు.

వాళ్ల కోణంలో అది న్యాయమే. ధర పడినప్పుడల్లా కొనేవాళ్లు క్వాలిటీ సాకు పెట్టి డబ్బు కోస్తారు, పెరిగినప్పుడు అమ్మేవాళ్లు లోడింగ్ ఆపేస్తారు. రెండూ నేను చూశాను, రెండూ తప్పే. నేను ఓనర్ గారి ఎదురుగా కూర్చుని చెప్పాను. "అన్నా, మనకు మూడు నష్టాలున్నాయి. తూకం నష్టం, ఇనుము నష్టం, మార్కెట్ నష్టం. మొదటి రెండూ వాళ్లవి. మూడోది మనది. మూడూ కలిపి అడిగితే మొదటి రెండూ కూడా పోతాయి." ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరే, నువ్వే రాయి" అన్నారు.

లెక్క

ఎనిమిదో రోజున ఏజెంట్ ప్లాంటుకు వచ్చాడు. అతని ఎదుటే రెండు రోజులు బ్లాకులు పగలగొట్టించాం. మూడు, నాలుగు కంటైనర్ల 48.740 టన్నుల్లో ఇనుము 3.210 టన్నులు, మట్టి, రబ్బరు, ప్లాస్టిక్ 0.870 టన్నులు తేలాయి. మొత్తం 4.080. ఒప్పందం ప్రకారం అనుమతి 3 శాతం, అంటే 1.462. అదనం 2.618 టన్నులు. మొదటి రెండు కంటైనర్లలో ఇది 2.1 శాతమే ఉందని కూడా క్లెయిమ్‌లో రాశాను. రాయొద్దన్నారు ప్లాంటు మేనేజర్. రాసినందుకే ఏజెంట్ మిగతా అంకెలను నమ్మాడని నా అభిప్రాయం.

కరిగించి కూడా చూశాం. మొదటి కంటైనర్ నుంచి 500 కిలోలు, ఇనుము తీసేసిన మూడో కంటైనర్ సరుకు నుంచి 500 కిలోలు, విడివిడిగా. రికవరీ, అంటే కరిగించాక చేతికొచ్చిన లోహం 91.2, 90.4 శాతం. అంటే అల్యూమినియంలో దోషం లేదు. మెటల్ రికవరీ మీద వేద్దామనుకున్న క్లెయిమ్‌ను నేనే తీసేశాను.

తూకం లోటు 1.190 టన్నులకు 2,737 డాలర్లు. అదనపు ఇనుము, మట్టి 2.618 టన్నులకు 6,021. అందులో ఇనుము వాటా సుమారు 2.06 టన్నులు మేం స్థానికంగా అమ్ముకుంటాం కాబట్టి టన్నుకు 400 డాలర్ల చొప్పున 824 తగ్గించాం. మిగిలేది 5,197. రెండూ కలిపి 7,934 అడిగాం. కాటా చీటీలు, కంటైనర్ తలుపు మీది బరువుల ఫొటోలు, ఏజెంట్ సంతకం పెట్టిన తనిఖీ షీటు జతచేశాం.

తూకం డబ్బు మొత్తం మూడు రోజుల్లో ఒప్పుకున్నారు. ఒకే ఖాళీ తూకం చూపించాక వాదించడానికి ఏమీ మిగల్లేదు. ఇనుము దగ్గర బేరం ఆడి 4,500 అన్నారు. పగలగొట్టిన కూలి గురించి కాసేపు వాదన నడిచింది, అది వదిలేశాం. మొత్తం 7,237 డాలర్లకు క్రెడిట్ నోట్ వచ్చింది.

మార్కెట్ నష్టం సంగతి

అది ఎవరి దగ్గరా దొరకదు. కొన్న రోజే ఆపుకోవాల్సింది. ఓనర్ గారి చేతిలో ఆ రోజు 40 టన్నుల ఇంగాట్లకు ఖాయమైన ఆర్డర్ ఉంది. మిగతా 60 టన్నుల సరుకు ధర గాలిలో ఉంది. ఎక్స్ఛేంజిలో ధరను ముందే ఖాయం చేసుకునే కాంట్రాక్టును లాట్ల లెక్కన అమ్ముతారు. లండన్‌లో ఒక లాటు 25 టన్నులు, మన దగ్గర చిన్న ప్లాంటుకు అది పెద్దది. మన దేశపు కమోడిటీ ఎక్స్ఛేంజి ఎంసీఎక్స్‌లో అల్యూమినియం లాటు 5 టన్నులు. 12 లాట్లు అమ్మి ఉంచితే, ధర పడ్డప్పుడు ఇక్కడి నష్టంలో చాలా భాగం అక్కడి లాభం కప్పేది. పూర్తిగా కాదు. ఏడీసీ12 ధర, స్క్రాప్ ధర అల్యూమినియం ధరతో అడుగులో అడుగు వేసి నడవవు. ధర పెరిగితే మార్జిన్ డబ్బు, అంటే ఎక్స్ఛేంజికి పూచీగా ఉంచే సొమ్ము కట్టుకోవాలి, దానికి చేతిలో నగదు ఉండాలి. అయినా సగం నష్టం ఆగినా 7,237 కంటే ఎక్కువే. ఈ మాట ఓనర్ గారికి ముందే గట్టిగా చెప్పనందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. నేను కాగితాల మనిషిని, ధర ఆయన పని అనుకున్నాను.

సెప్టెంబరులో

అదే యార్డు నుంచి మళ్లీ రెండు కంటైనర్లు కొన్నాం. మొదట ఓనర్ గారు ససేమిరా అన్నారు. తప్పు చూపిస్తే ఒప్పుకున్న సప్లయర్‌ను వదిలి తెలియనివాడి దగ్గరికి పోవడం ఎందుకని నేను పట్టుబట్టాను. క్రెడిట్ నోట్ ఆ ఇన్‌వాయిస్‌లో సర్దుబాటు చేశారు, బ్యాంకుకు క్లెయిమ్ కాగితాలన్నీ ఇచ్చాం. చెల్లింపు ఈసారి 20, 70, చివరి 10 శాతం తూకం తేలాక. ఒప్పందంలో రెండు వాక్యాలు కొత్తగా చేరాయి. పావు, సగం నిండిన ఫొటోలు లేకపోతే కాగితాలు అంగీకరించం. ప్రతి కంటైనర్‌కూ ఖాళీ తూకం విడిగా, డీజిల్ పట్టాక.

అడగకుండానే ఫొటోలన్నీ వచ్చాయి. కాటా చీటీలు రాగానే నేను మొదట చూసింది ఖాళీ తూకం టైములు: 07:40, 13:25. యాభై టన్నుల మీద మా కాటాలో 70 కిలోలు తక్కువొచ్చింది. అర శాతం లోపే కాబట్టి మిగతా పది శాతం మర్నాడే పంపించేశాం.